తీరం వెంబడి ఫిరంగులు – 9: గోదావరి పేరు మోసిన రెండు యుద్ధనౌకలు

1942 ఏప్రిల్ 6, సోమవారం. ముందురోజు, ఈస్టర్ ఆదివారం నాడు, కొలంబో మీద బాంబులు పడ్డాయి. సోమవారం మన తీరం వంతు వచ్చింది. జపాన్ విమానవాహక నౌక ర్యూజో నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. అదే రోజు వైస్ అడ్మిరల్ ఒజావా క్రూజర్లు మూడు జట్లుగా విడిపోయి, బంగాళాఖాతంలో తోడు లేకుండా పోతున్న సరుకు ఓడల్ని వెతికి వెతికి ముంచాయి. ఆ దాడి మొత్తంలో మునిగిన ఓడలు 20కి పైనే.

కాకినాడ అప్పటికి ఓడలు గట్టుకు ఆనుకుని నిలబడే రేవు కాదు. లోతు చాలక అవి దూరంగా సముద్రంలో లంగరు వేస్తే, కాలవలోంచి నావలు వెళ్లి సరుకు దించుకుని, ఎక్కించి వచ్చేవి. అలా లంగరు మీద నిలబడ్డ ఓడ గుంజకు కట్టేసిన పశువుతో సమానం. పైనుంచి విమానం వస్తే పారిపోలేదు, ఎదురు తిరగలేదు. ఆ రోజు ఒజావా క్రూజర్లకు ఎదురు నిలిచే నౌకాబలం బంగాళాఖాతంలో ఎక్కడా లేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే, ఇంగ్లండులో సౌతాంప్టన్ పక్కనున్న వూల్‌స్టన్‌లో, థార్నీక్రాఫ్ట్ కంపెనీ షిప్‌యార్డులో ఒక చిన్న యుద్ధనౌక తయారవుతోంది. దాని పేరు గోదావరి.

మన నది పేరు మోసిన యుద్ధనౌకల్లో రెంటి కథ ఇది. ఇక్కడ మొదటి గోదావరి అంటే ఈ నౌక, రెండో గోదావరి అంటే 1983లో చేరినది. రెండూ సముద్రం మీద పోరుకు దిగినవే. రాజమండ్రిలో గాని, భీమవరంలో గాని, అమలాపురంలో గాని పదిమందిని అడిగి చూడండి. ఒకరిద్దరు రెండో నౌక పేరు విన్నామంటారు. మొదటిదాని గురించి తెలిసినవాళ్లు నాకింతవరకు ఎదురుపడలేదు. ఈ రెండు నౌకల మీది ఫిరంగుల్ని పక్కపక్కన పెట్టి చూస్తే, మనిషి చేత్తో గుండు ఎత్తి పెట్టిన కాలం నుంచి యంత్రం సెకనుకు రెండు మూడు గుండ్లు వదిలే కాలం దాకా మొత్తం కథ కనబడుతుంది. ఈ సంచిక ఆ కథకే.

గత సంచికలో ఎండెన్ దగ్గర ఆగాం. 1914 సెప్టెంబరు 22 రాత్రి ఆ జర్మన్ క్రూజర్ మద్రాసు తీరానికి వచ్చి, కొద్ది నిమిషాల్లో నూట ఇరవైకి పైగా గుండ్లు వదిలి, బర్మా ఆయిల్ కంపెనీ చమురు ట్యాంకుల్ని తగలబెట్టి చీకట్లో కలిసిపోయింది. దాని ఫిరంగులు 10.5 సెంటీమీటర్లవి. అంటే గొట్టం లోపలి వ్యాసం అంత అన్నమాట. ఈ వ్యాసాన్నే కాలిబర్ అంటారు. పెద్ద యుద్ధనౌకల ఫిరంగులు 30, 40 సెంటీమీటర్ల దాకా ఉండేవి. చిన్నవి రెండు మూడు సెంటీమీటర్లే. ఈ రెంటికీ నడుమ, సుమారు 57 నుంచి 127 మిల్లీమీటర్ల దాకా ఉన్నవి మధ్యతరహా ఫిరంగులు. నేటి యుద్ధనౌక ముందు భాగంలో ఒంటరిగా కనిపించే ఫిరంగి ఈ కోవకు చెందినదే.

అంత తక్కువ సమయంలో అన్ని గుండ్లు ఎండెన్ ఎలా వదలగలిగింది? పాత ఫిరంగి పేలితే మొత్తం వెనక్కి తన్నుకునేది. దాన్ని మళ్లీ ముందుకు తోసి, గొట్టం తుడిచి, మందు సంచి వేరేగా, గుండు వేరేగా కూరి, మళ్లీ గురి చూసుకోవాలి. 1880లలో ఇంగ్లండులోని ఎల్స్విక్ కర్మాగారం 4.7 అంగుళాల కొత్త ఫిరంగి తెచ్చింది. మందు ఇత్తడి తొడుగులో ఉంటుంది. గొట్టం వెనక తలుపు ఒక్క ఊపున తెరుచుకుంటుంది. పేలినప్పుడు గొట్టం ఒక్కటే వెనక్కి జారి, తనంతట తాను యథాస్థానానికి వస్తుంది. గురి చెదరదు. పరీక్షలో ఆ ఫిరంగి 10 గుండ్లను 47 సెకన్లలో వదిలింది. అప్పటికి వాడుకలో ఉన్న 5 అంగుళాల ఫిరంగికి అదే పనికి 5 నిమిషాలు దాటింది. ఆధునిక నౌకా ఫిరంగుల వంశవృక్షం ఇక్కడే మొదలవుతుందని నా అభిప్రాయం. తరవాత వచ్చినవన్నీ ఈ మూడు మార్పుల మీద కట్టిన మేడలే.

మళ్లీ మన మొదటి గోదావరికి వద్దాం. 1943 జనవరి 21న జలప్రవేశం చేసి, అదే ఏడాది జూన్ నెలాఖరులో రాయల్ ఇండియన్ నేవీలో చేరింది. స్లూప్ అనే తరగతి నౌక. సరుకు ఓడల బారులకు కాపలా కాయడం, జలాంతర్గాముల్ని వేటాడడం దాని పని. దాని మీద 4 అంగుళాల ఫిరంగులు ఆరు, జంటలు జంటలుగా మూడు చోట్ల ఉండేవి. ఆకాశంలోకీ కాల్చగలవు, నీటిమీదికీ కాల్చగలవు.

ఆ ఫిరంగికి గుండు పెట్టే మనిషిని ఒక్కసారి ఊహించుకోండి. ఇత్తడి తొడుగుతో కలిపి ఒక్కో తూటా దాదాపు 29 కిలోలు. ఒక ఫిరంగి నిమిషానికి 15 సార్లు పేలాలంటే, ఆ నిమిషంలో 435 కిలోలు మనుషుల చేతుల మీదుగా గొట్టంలోకి వెళ్లాలి. మన లెక్కలో చెప్పాలంటే 75 కిలోల ధాన్యం బస్తాలు దాదాపు ఆరు, ఒక్క నిమిషంలో. అదీ గట్టి నేల మీద కాదు. ఉప్పునీటికి తడిసి జారే ఇనుప డెక్కు మీద, ఓడ అటూ ఇటూ ఒరుగుతుండగా, చెవులు గళ్లుపడే మోతలో. తాడేపల్లిగూడెం మార్కెట్‌లో బస్తాలు మోసే హమాలీలను చూసినవారికి ఆ కష్టం వేరే చెప్పక్కర్లేదు. శరీరం అలిసేకొద్దీ వేగం పడిపోతుంది. అప్పటి ఫిరంగి వేగం ఎంతో పుస్తకంలో రాసి ఉండొచ్చు గాని, నిజానికది ఆ కుర్రాళ్ల భుజాల మీద ఆధారపడింది.

1944 ఆగస్టు 12న, సీషెల్స్ దీవుల దగ్గర, ఈ గోదావరి, బ్రిటిష్ నౌక ఫైండ్‌హార్న్ కలిసి జర్మనీ జలాంతర్గామి యు-198ను వేటాడాయి. దాన్ని ముంచింది ఫిరంగులు కావు, నీటి అడుగున పేలే ఆయుధాలు. లోపలున్న 66 మందిలో ఒక్కరూ బతకలేదు. హిందూ మహాసముద్రంలో సరుకు ఓడల్ని బలి తీసుకున్న జలాంతర్గామి అది. కాకినాడ ముందు లంగరు మీద నిస్సహాయంగా నిలబడిన ఓడల్ని తలుచుకుంటే, నది పేరున్న నౌక ఆ వేటలో ఉండడం నాకు మామూలు విషయంగా తోచదు.

తరవాతి మలుపు చాలామందికి తెలియదు. 1947లో దేశంతో పాటు నౌకాదళాన్నీ పంచారు. నదుల పేర్లున్న ఆరు స్లూపులలో సట్లెజ్, జమున, కృష్ణ, కావేరి మనకు దక్కాయి. నర్మద, గోదావరి పాకిస్తాన్ వాటాకు వెళ్లాయి. అక్కడ నర్మదకు జీలం అనీ, గోదావరికి సింధ్ అనీ పేర్లు మార్చారు. అన్నదమ్ముల పంపకంలో ఇత్తడి బిందె మీద చెక్కిన పేరు చెరిపేసినట్టు, మన నది పేరు ఆ ఇనుము మీద నుంచి పోయింది. 1959లో ఆ నౌకను తుక్కు కింద విడగొట్టారు. మనకు మిగిలిన కృష్ణ మాత్రం చాలా ఏళ్లపాటు శిక్షణ నౌకగా ఎందరో కుర్రాళ్లకు సముద్రం నేర్పింది.

1953లో బ్రిటన్ నుంచి మన నౌకాదళానికి వచ్చిన ఒక పాత డిస్ట్రాయర్‌కు ఆ పేరు తిరిగి పెట్టారు. మన కథలోని రెండో గోదావరి దాని తరవాతది. 1983 డిసెంబరు 10న, బొంబాయి మజగాం డాక్‌లో కట్టిన ఐ.ఎన్.ఎస్. గోదావరి నౌకాదళంలో చేరింది. పొడవు 126 మీటర్లు. రాజమండ్రి హేవలాక్ వంతెన ఒక్కో స్పాను 150 అడుగులు కదా, ఈ నౌకను దాని పక్కన నిలబెడితే మూడు స్పాన్లకు కాస్త తక్కువ వస్తుంది. అంతకుముందు బ్రిటిష్ లియాండర్ నమూనా మీద మనవాళ్లు నీలగిరి తరగతి నౌకలు కట్టారు. ఈసారి ఆ నమూనాను పెంచి, మార్చి, తమ సొంత డిజైనుగా మలిచారు. ఈ పనిలో ముఖ్యులు నౌకా నిర్మాణ నిపుణుడు కెప్టెన్ ఎన్. మోహన్ రామ్. ఆ పరిమాణం నౌక మీద రెండు సీకింగ్ హెలికాప్టర్లను దించడం అప్పట్లో చిన్న సంగతి కాదు.

ఈ నౌకలో నాకు అన్నిటికన్నా నచ్చేది దాని సంసారం. శరీరం బ్రిటిష్ వంశం, ఫిరంగులు, క్షిపణులు సోవియట్ దేశానివి, హెలికాప్టర్లు ఇంగ్లండువి, కట్టిన చేతులు మనవి. సోవియట్ పరికరాలకు కావలసిన వోల్టేజీ వేరు, ఫ్రీక్వెన్సీ వేరు. రాడార్లు ఒకదానికొకటి అడ్డు రాకూడదు. ఇవన్నీ ఒకే కప్పు కింద కాపురం చేసేలా కుదిర్చినవాళ్లు మన ఇంజనీర్లే. ధవళేశ్వరం ఆనకట్ట నీటిని వందల కాలవలకు, తూములకు లెక్క తప్పకుండా పంచిన నేల మనది. వేరువేరు ప్రవాహాల్ని ఒక పద్ధతిలో పెట్టడమంటే ఏమిటో మనకు ఒకరు చెప్పక్కర్లేదు.

రెండో గోదావరి ముందు భాగంలో ఉన్నది ఏకే-725 అనే జంట ఫిరంగి. కాలిబర్ 57 మిల్లీమీటర్లు. రెండు గొట్టాలూ కలిసి నిమిషానికి 200 గుండ్లు వదులుతాయి. ఒక్కో గుండు 2.8 కిలోలు. సెకనుకు కిలోమీటరు దాటిన వేగంతో గొట్టం వదులుతుంది. గుండు పెట్టే మనిషి డెక్కు మీద లేడు. డెక్కు కింద గదిలోంచి తూటాలు వరసగా పైకి వస్తాయి. రైస్ మిల్లులో ఎలివేటరు ధాన్యాన్ని పై అంతస్తుకు ఎక్కించినట్టే. గురి చూసే కన్ను కూడా మనిషిది కాదు. రాడార్ లక్ష్యాన్ని పట్టుకుంటుంది. అది ఎంత దూరంలో ఉంది, ఎటు పోతోంది, గుండు అక్కడికి చేరేసరికి ఎక్కడ ఉంటుంది, ఇవన్నీ లెక్కకట్టే యంత్రం ఫిరంగిని తిప్పుతుంది.

ఇంత వేగంలో పెద్ద శత్రువు వేడి. ప్రతి పేలుడూ గొట్టాన్ని కాలుస్తుంది. బాగా కాలిన గొట్టం అరుగుతుంది, గురి తప్పుతుంది. అందుకని గొట్టాల చుట్టూ నీళ్లు తిప్పుతారు. పొలం గట్టు మీద ఆయిలింజను నడిపిన రైతుకు ఈ సూత్రం కొత్తది కాదు. నీళ్లు ఆగితే ఇంజను పట్టేస్తుంది. ఇక్కడ ఫిరంగి ఆగిపోతుంది.

ఇంతకీ ఇంత తొందర దేనికి? 1967 అక్టోబరు 21న ఈజిప్టు చిన్న పడవలు వదిలిన స్టిక్స్ క్షిపణులు ఇజ్రాయెల్ డిస్ట్రాయర్ ఐలాత్‌ను ముంచేశాయి. నాలుగేళ్ల తరవాత మన నౌకాదళం అదే క్షిపణితో కరాచీ ముందు దెబ్బతీసింది. ఆ క్షిపణి సెకనుకు దాదాపు 300 మీటర్లు ప్రయాణిస్తుంది. ఆరు కిలోమీటర్ల దూరంలో దాని మీద కాల్పులు మొదలుపెడితే, మన చేతిలో ఉండేది 20 సెకన్లు.

ఆ 20 సెకన్లలో ఎవరెంత చేయగలరో కాగితం మీద వేసి చూశాను. మొదటి గోదావరి మీది ఒక జంట ఫిరంగి, మనుషులు అలిసిపోకపోతే, 10 గుండ్లు వదులుతుంది. ఒక్కో గుండు 16 కిలోలు గనక మొత్తం 160 కిలోలు. రెండో గోదావరి ఏకే-725 వదిలేవి 66. బరువు 185 కిలోలు. బరువులో పెద్ద తేడా లేదు. తేడా అంతా సరిదిద్దుకునే అవకాశాల్లో ఉంది. పది గుండ్లలో మొదటి నాలుగూ తప్పితే మిగిలేవి ఆరే. అరవై ఆరు గుండ్ల ధార తప్పు దారిలో పోతుంటే రాడార్ చూసి మళ్లిస్తుంది. వేగంగా కాల్చడమంటే ఎక్కువ ఇనుము విసరడమని చాలామంది అనుకుంటారు. తప్పు దిద్దుకునే సమయం సంపాదించడమే దాని అసలు ప్రయోజనం.

అయినా 57 మిల్లీమీటర్ల గుండుకు ఒక లోపం ఉంది. చిన్నది. తగిలినా క్షిపణి ఆగకపోవచ్చు. 1987 ఏప్రిల్ 16న సోవియట్ పసిఫిక్ దళంలో జరిగిన ప్రమాదం ఈ భయాన్ని పెంచింది. విన్యాసాల్లో వదిలిన లక్ష్య క్షిపణి ఒకటి మూసన్ అనే చిన్న నౌకను ఢీకొంది. నౌక ఎదురు కాల్పులు జరిపినా అది ఆగలేదు. 39 మంది చనిపోయారు. మూసన్ మీద ఉన్నది ఒక ఏకే-725 ఫిరంగి, ఓసా రక్షణ క్షిపణి. మన గోదావరి మీద ఉన్న జోడీ కూడా అచ్చంగా అదే. ఢీకొన్న క్షిపణి స్టిక్స్ కుటుంబానిదే. ఈ వార్త చదివినప్పుడల్లా నా మనసు గోదావరి మీదికే పోతుంది. అటువంటి పరీక్ష మన నౌకకు ఎదురుకాలేదు.

దానికి ఎదురైన పరీక్ష వేరు. 1988 నవంబరు 3న కిరాయి మూక ఒకటి మాల్దీవుల రాజధాని మాలె మీద పడింది. మన పారాట్రూపర్లు ఆ రాత్రే హుల్‌హులె విమానాశ్రయంలో దిగారు. మూకలో కొందరు ప్రోగ్రెస్ లైట్ అనే సరుకు ఓడను పట్టుకుని, బందీలతో సహా శ్రీలంక వైపు పారిపోయారు. బందీల్లో మాల్దీవుల మంత్రి కూడా ఉన్నాడు. వెంటాడినవి కెప్టెన్ ఎస్.వి. గోపాలాచారి నాయకత్వంలోని గోదావరి, ఇంగ్లండులో కట్టిన పాత నౌక బేత్వా.

సెకనుకు మూడు గుండ్లు వదలగల ఫిరంగి ఉన్న నౌక అక్కడ చేయవలసింది ఆ వేగాన్ని బిగబట్టడం. ఓడను ముంచితే బందీలు పోతారు. వదిలేస్తే దుండగులు తప్పించుకుంటారు. రోజంతా మాటలు నడిచాయి. మాటలతో ఓడ ఆగలేదు. నవంబరు 6న హెచ్చరికల తరవాత కాల్పులు జరిపారు. ఓడ ఆగింది, దుండగులు లొంగిపోయారు, మన నావికులు ఎక్కి బందీలను బయటికి తెచ్చారు. అంతకుముందే కొందరు బందీల ప్రాణాలు దుండగుల చేతిలో పోవడం మాత్రం తీరని లోటు. ప్రోగ్రెస్ లైట్ తరవాత మునిగిపోయింది. మధ్యతరహా ఫిరంగి ఎందుకని అడిగేవారికి నేను చెప్పే జవాబు ఇదే. క్షిపణికి హెచ్చరించడం తెలియదు. వదిలితే ఓడ పోవడమే. ఫిరంగి ముందు ఒక గుండు నీళ్లలో వేయగలదు, తరవాతది ఓడ ముక్కు దగ్గర వేయగలదు. మధ్యలో ఆగి, ఎదుటివాడికి బుద్ధి తెచ్చుకునే వ్యవధి ఇవ్వగలదు. ఏడెన్ సింధుశాఖలో సముద్ర దొంగల మీద కాపలాకు వెళ్లిన నౌకలకూ పనికొచ్చిన గుణం ఇదే.

గోదావరి తరగతికి తరవాత కోల్‌కతాలో కట్టిన బ్రహ్మపుత్ర తరగతి తోబుట్టువు లాంటిది. శరీరం దాదాపు అదే. ముందున్న ఫిరంగి మాత్రం మారింది. 57 పోయి 76 మిల్లీమీటర్లది వచ్చింది. ఇటలీకి చెందిన ఓటో మెలారా కంపెనీ రూపొందించిన సూపర్ ర్యాపిడ్. మన దేశంలో హరిద్వార్ బి.హెచ్.ఇ.ఎల్. దీన్ని తయారు చేస్తోంది. ఒకటే గొట్టం, పొడవు 4.7 మీటర్లు, నిమిషానికి 120 గుండ్లు, ఒక్కో గుండు 6 కిలోల పైన. ఇందాకటి 20 సెకన్లలో 40 గుండ్లు, 250 కిలోలు. తగలకపోయినా, దగ్గరికి చేరగానే తనంతట తాను పేలే ఫ్యూజు గుండులో ఉంటుంది. దాంతో క్షిపణి దారిలో ఇనుప ముక్కల తెర లేస్తుంది. ఏకే-725 కన్నా ఇదే మంచి ఎంపిక అని నేను గట్టిగా నమ్ముతాను. గుండ్ల లెక్క తగ్గినా, ఒక్కో గుండు పని పూర్తి చేసేంత బలం కలది.

ఫిరంగి కింద తిరిగే పళ్లెం లాంటి మ్యాగజైన్‌లో సుమారు 80 తూటాలు సిద్ధంగా ఉంటాయి. ఆపకుండా కాలిస్తే 40 సెకన్లలో ఖాళీ. అప్పుడు దాన్ని మళ్లీ నింపేది ఎవరు? డెక్కు కింద గదిలో నిలబడిన నావికులు, చేతులతో. ఒక్కో తూటా 12 కిలోల పైన. 1943లో డెక్కు మీద తడుస్తూ 29 కిలోలు ఎత్తినవాడి మనవడు, నేడు డెక్కు కింద వెలుతురులో నిలబడి 12 కిలోలు ఎత్తుతున్నాడు. భారం తగ్గింది, ప్రమాదం తగ్గింది. చెయ్యి మాత్రం అక్కడే ఉంది.

విశాఖలో ఉండే కమోర్తా, కద్మత్, కిల్తాన్, కవరత్తి నౌకల ముందు కనిపించే ఫిరంగి ఇదే. 2021 నవంబరులో నౌకాదళంలో చేరిన ఐ.ఎన్.ఎస్. విశాఖపట్నం మీదా ఇదే. 2023 నవంబరులో రక్షణ శాఖ ఇంకా మెరుగుపరచిన 16 ఫిరంగుల కోసం బి.హెచ్.ఇ.ఎల్.తో రూ. 2,956.89 కోట్ల ఒప్పందం చేసుకుంది. 1942లో ఎదురు చెప్పే దిక్కులేక బాంబులు తిన్న కాకినాడ దగ్గర ఈ రోజు త్రివిధ దళాలు ఒడ్డుకు దిగే విన్యాసాలు చేస్తున్నాయి. 2019 నవంబరులో అమెరికా దళాలతో కలిసి టైగర్ ట్రయంఫ్ జరిగింది. 2023 జనవరిలో ఆంఫెక్స్ జరిగింది. ఎదురుగా సముద్రంలో కృష్ణా గోదావరి బేసిన్ గ్యాసు బావులున్నాయి. కాపాడుకోవలసింది అప్పటికన్నా ఇప్పుడే ఎక్కువ.

రెండో గోదావరి 2015 డిసెంబరు 23న ముంబైలో సెలవు తీసుకుంది. 32 ఏళ్ల కొలువు. ఆ మధ్యలో 1986లో న్యూయార్కులో స్వాతంత్ర్య దేవత విగ్రహం శతజయంతికి వెళ్లి మన జెండా ఎగరేసింది. 1994 చివర్లో సోమాలియా నుంచి మన శాంతి సేనను వెనక్కి తెచ్చే పనిలో గంగ, శక్తి నౌకలతో పాటు నిలిచింది. తరవాత వచ్చిన కొత్త ఫ్రిగేట్ల వరుసకు నదుల పేర్లు కాక, నీలగిరి నుంచి మహేంద్రగిరి దాకా కొండల పేర్లు పెట్టారు.

కోనసీమ నుంచి, కొల్లేటి దిగువ ఊళ్ల నుంచి, కాకినాడ, నరసాపురం తీరాల నుంచి నేవీలో చేరిన కుర్రాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్లలో రెండో గోదావరి మీద పనిచేసినవారు మీ ఇంట్లో గాని, మీ వీధిలో గాని ఉంటే, దయచేసి కూర్చోబెట్టి అడగండి. మొదటి గోదావరి మీద గుండ్లు ఎత్తినవారి మాటలు వినే అవకాశం మనకు దాదాపుగా పోయింది. రెండో గోదావరి నావికులు ఇంకా మన మధ్యే ఉన్నారు. ఆ ఫిరంగి గదిలో నిలబడితే ఎలా ఉండేదో, మొదటిసారి పేలినప్పుడు కాళ్ల కింద ఇనుము ఎలా అదిరిందో, వాళ్ల మాటల్లోనే రాసి పెట్టండి. తేదీ, ఊరు, పనిచేసిన ఏళ్లు తప్పకుండా రాయండి.